శేషగిరి బావ అరచేతి కంప్యూటర్లు

మా బావ శేషగిరికి పాడైపోయిన వస్తువంటే ప్రాణం. బాగా నడుస్తున్నదాన్ని కన్నెత్తి చూడడు. ఎయిర్‌ఫోర్సులో సిగ్నల్స్ విభాగంలో ఏళ్లతరబడి రేడియో సెట్లు విప్పీ బిగించీ ఈ జబ్బు పట్టుకుందని మా అక్క సరోజిని అంటుంది. నేను ఒప్పుకోను. అది పుట్టుకతో వచ్చిన రోగం. బొబ్బిలిలో పెళ్లిచూపులకు వచ్చిననాడు, పిల్ల ఎలా ఉందో చూసుకోవలసిన మనిషి మా వసారా గోడమీద ఆగిపోయి ఉన్న గడియారాన్ని చూస్తూ కూర్చున్నాడు. "దీనికేటయింది?" అని మా నాన్ననడిగాడు. ఆ పూటంతటికీ ఆయన మాట్లాడింది అదొక్కటే. కాఫీ చల్లారేలోపు గడియారం నడిచింది. మా నాన్న ఆ దెబ్బకే పడిపోయి సంబంధం ఖాయం చేసేశాడు.

వారంటాఫీసరుగా రిటైరయ్యాక ఊరికి వెళ్లకుండా ఢిల్లీ ద్వారకలోనే ఒక సొసైటీలో ఫ్లాటు తీసుకుని స్థిరపడ్డారు. నేను అప్పటికి సాకేత్‌లో ఒక కంపెనీ అకౌంట్స్‌లో చేస్తూ పక్క సొసైటీలోనే అద్దెకుండేవాణ్ణి. పెళ్లి కాలేదు, వంట రాదు. ఆదివారం భోజనం, పండగ భోజనం, ఒంట్లో బాగోనప్పటి చారన్నం అన్నీ అక్కింట్లోనే. కాబట్టి మా బావ వైభవమంతా నా కళ్ల ముందే జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు.

రెండువేల ఆరు ప్రాంతం. ప్రింటరుకి సిరా కొనడానికని కంప్యూటర్ల బజారు నెహ్రూప్లేస్ వెళ్లిన మనిషి, సిరా మరచిపోయి, బూడిదరంగు డబ్బా ఒకటి జేబులో వేసుకుని వచ్చాడు. అరచేతిలో ఇమిడే కంప్యూటరు. ఫోన్ కాదు. మొబైళ్లు ఇంతగా రాకముందు పెద్ద ఆఫీసర్లు చొక్కా జేబుల్లో పెట్టుకుని తిరిగేవారు, అడ్రసులూ మీటింగులూ రాసుకోవడానికి. మొబైళ్లు వచ్చాక వాటిని దేకినవాడు లేడు. గుర్గావ్ ఆఫీసులు వాటిని కుప్పలుగా పాతసామాన్లు కొనే కబాడీవాడికి తోసేస్తే, అక్కణ్ణుంచి నెహ్రూప్లేస్ ఫుట్‌పాత్‌ల మీదికి చేరేవి. చార్జర్లూ, తెగిపోయిన వైర్లూ, వాటి మధ్య ఇవీ. మా బావకి అది బంగారు గని అయింది.

ఆ తర్వాత నెలకి రెండుమూడు సార్లు నెహ్రూప్లేస్ యాత్ర. ఒకటి తెర పగిలింది, ఒకటి మీటలు లేనిది, ఒకటి లోపల సెల్లులు కారిపోయి పచ్చగా చిలుము పట్టింది. డైనింగు టేబులు మీద పాత బెడ్‌షీటు పరిచి, కళ్లజోడు మీద ఇంకో భూతద్దం కట్టుకుని కూర్చునేవాడు. చిలుముని వెనిగరులో ముంచిన దూదితో తుడిచేవాడు. రెండు చచ్చినవాటిని విప్పి ఒక బతికినదాన్ని చేసేవాడు. మా అక్క కంచాలు పట్టుకుని నిలబడి, ఈ ఇంట్లో మనుషులు తినడానికి చోటు ఎప్పుడు దొరుకుతుందని అడిగేది. ఆయన ఒక మూలకి జరిగి, టేబులు చివర జానెడు చోటు చూపించేవాడు.

సెల్లులు కొనే అలవాటు మాత్రం లేదు. టీవీ రిమోటులోంచి తీసేవాడు. సరిగ్గా అక్క సీరియల్ టైముకి రిమోటు పనిచేసేది కాదు. ఆ గొడవ ఆ ఇంట్లో ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టలేదు గానీ, నేను ఉన్నప్పుడల్లా జరిగింది.

సెల్లులు వేసి మీట నొక్కితే ముందొక కూత. తర్వాత తెరమీద చిన్న కూడికగుర్తు వస్తుంది. దానిమీద, కలంలాగా దానితోపాటే వచ్చే ప్లాస్టిక్ పుల్లతో పొడవాలి. ఇంకో మూల ఇంకోటి. అదీ పొడవాలి. అప్పుడు గానీ లోపలికి రానివ్వదు. ఆ మొదటి గుర్తు కనబడ్డప్పుడు మా బావ మొహం చూడాలి. అంత సంతోషం నేను ఆయన ఫ్లాటు గృహప్రవేశంలో కూడా చూడలేదు.

ఇక రాయడం. అందులో ఒక కిటుకు ఉంది. తెర కింద తపాలాబిళ్లంత గడి. దాన్లో పుల్లతో ఇంగ్లీషు అక్షరాలు రాయాలి. మామూలుగా రాస్తే కుదరదు, అక్షరమంతా ఒకే గీతలో, పుల్ల ఎత్తకుండా రాయాలి. 'ఏ' అనే అక్షరానికి మధ్యలో అడ్డగీత ఉండదు, పైకి ఎక్కి దిగడమే. టీ అంటే పైన అడ్డంగా గీసి కిందికి దింపడం. పైగా, పక్కపక్కన రాయడానికి చోటు లేదు. అన్ని అక్షరాలూ ఆ ఒక్క చోటే, ఒకదాని మీద ఒకటి రాయాలి. నువ్వు రాసిన గీత గడిలో నిలవదు. అది దాన్ని చదువుకుని పైన తెరమీద చక్కటి అచ్చక్షరంగా వేస్తుంది. తప్పు రాస్తే తప్పు అక్షరమే వేస్తుంది. మొహమాటపడదు.

మా బావ అందులో గొప్ప విషయాలేవీ రాయలేదు. "ఈరోజు వంకాయ కూర. ఉప్పు తక్కువ." "లిఫ్టు మళ్లీ పోయింది." తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. కాసేపు అలా రాసుకుని, అందులో ఉన్న చదరంగం ఆడుకుని, సెల్లులు తీసేసి బీరువాలో పెట్టేవాడు. సెల్లులు తీస్తే అందులో రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సంగతి తెలిసి నేను నెత్తి కొట్టుకున్నాను. ఇంత కష్టపడి బాగుచేసి, రాసి, పోగొట్టుకోవడం ఏం సరదా బావా అని అడిగాను. ఆయన నా వంక వింతగా చూశాడు, ఆడుకున్న పేకముక్కలు మళ్లీ కలిపేస్తే ఎవరైనా బాధపడతారా అన్నట్టు.

అలా ఏడాదిన్నర గడిచింది. జనవరిలో ఒక ఉదయం, బయట ఎదుటి బ్లాకు కూడా కనబడనంత మంచు, ఆయన చేతిలోంచి టీ గ్లాసు జారిపడింది. వంగి తీయబోతే మనిషే ఒరిగిపోయాడు. పక్షవాతం. కంటోన్మెంటులో మిలటరీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ప్రాణం దక్కింది. కాలు కొన్నాళ్లకి స్వాధీనంలోకి వచ్చి, ఈడ్చుకుంటూనైనా నడవగలిగాడు. మాట ముద్దగా వచ్చేది గానీ వచ్చేది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఒళ్లో పెట్టుకుంటే అక్కడే ఉండేది.

బ్యాంకు గొడవ అప్పుడు మొదలైంది. పింఛను ఖాతా ఆయనొక్కడి పేరనే ఉంది. చెక్కు మీద ఎడంచేత్తో ఏదో గీస్తే సంతకం కలవలేదని తిప్పి పంపారు. నేను ఆయన్ని తీసుకుని బ్యాంకుకి వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు. సంతకం కుదరనివాళ్లకి వేలిముద్ర ఉంది, ఇద్దరు సాక్షులుంటే చాలు, అందరికీ సుళువు అన్నాడు. అటెండరు సిరా దిండు తెచ్చి, "లాయియే అంకుల్‌జీ" అని మా బావ ఎడమచేతి బొటనవేలు పట్టుకున్నాడు. ఆయన శరీరంలో బాగా పనిచేస్తున్న చెయ్యి అదొక్కటే. మా బావ ఆ చెయ్యి లాక్కున్నాడు. లేచి నిలబడి, కాలీడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్లిపోయాడు. నేను చెక్కు తీసుకుని వెనకాల పరిగెత్తాను.

ఆటోలో నాకు ఒళ్లు మండిపోయింది. వేలిముద్ర వేస్తే అరిగిపోతావా, ఇంట్లో ఆడది పడే అవస్థ నీకు తెలుస్తోందా అని నోటికొచ్చినట్టు అన్నాను. పాలం ఫ్లైఓవరు దాటాక ఆయన మాటలు కూడగట్టుకుని చెప్పాడు.

"రాములూ, మా యూనిట్‌లో కూలీలకి జీతాలిచ్చేటప్పుడు నేనే ముద్రలు వేయించేవాణ్ణి. ముద్ర వాడు వేయడురా. వేలు పట్టుకున్నోడు వేస్తాడు. వాడు వేలు మనకొదిలేసి ఎటో చూస్తుంటాడు."

అయినా అక్కని చూస్తే జాలి, ఈయన్ని చూస్తే కోపం, రెండూ తగ్గలేదు. ఇంటిఖర్చుకి నేనున్నాను, అది పెద్ద విషయం కాదు. నవంబరే అసలు సమస్య. నవంబరులో పింఛనుదారులందరూ బ్యాంకుకి వెళ్లి, ఆఫీసరు ఎదుట, బతికే ఉన్నామని సంతకం పెట్టాలి. పెట్టకపోతే పింఛను ఆగిపోతుంది. సంతకమో, వేలిముద్రో, ఏదో ఒకటి. అప్పటికి ఆయనకి సంతకం రావాలి, లేదా వేలు ఇంకొకరి చేతికి ఇవ్వాలి.

నేను చిన్నపిల్లల నాలుగు గీతల కాపీపుస్తకం కొనిచ్చాను. ఎడంచేత్తో కలం పట్టుకుని రాస్తే, అక్షరం ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయేది. రాసేకొద్దీ చెయ్యి పక్కకి జరగాలి, జరిగినప్పుడల్లా ఒళ్లంతా ఒక వైపు వాలిపోయేది. రెండో రోజు పుస్తకం బాల్కనీలోంచి కింద పార్కింగులోకి వెళ్లిపోయింది. గార్డు తెచ్చి ఇచ్చాడు. మూడో రోజు కలం వెళ్లింది. దాన్ని ఎవరూ తేలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, ఇష్టమైన పని ఏదైనా చేయించండి, కోపం తెప్పించే పని చేయించకండి అని చెప్పి వెళ్లింది. మా అక్క ఆలోచించింది. బీరువా తీసి, అరచేతి కంప్యూటరు ఒకటి తీసి, రిమోటులోంచి సెల్లులు తనే ఊడబీకి అందులో వేసి, ఆయన ముందు పెట్టింది. కూత వినబడింది. కూడికగుర్తు వచ్చింది. ఆయన పుల్లని ఎడంచేత్తో పట్టుకుని పొడిచాడు. తగల్లేదు. మళ్లీ పొడిచాడు. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి గుర్తులన్నీ పొడిచి లోపలికి వెళ్లి కూర్చున్నాడు.

కాగితం మీద కుదరనిది అక్కడ కుదరడానికి కారణం పెద్దదేం కాదు. చెయ్యి జరపక్కర్లేదు. మోచెయ్యి టేబులు మీద ఆనించి, ఉన్న చోటే ఒకటొకటిగా రాసుకోవచ్చు. ఎంత వంకరగా రాసినా, సరైన గీతయితే తెరమీద వంకరలేని అక్షరం పడుతుంది. సరికాకపోతే ఇంకేదో పడుతుంది. జీ రాస్తే ఓ పడేది, ఆర్ రాస్తే బీ పడేది. మేమయితే పోన్లెండి, బాగానే ఉంది అనేవాళ్లం. అది అనలేదు. ఆయనకి కావలసింది కూడా అదే అనుకుంటాను. మా జాలి ఆయనకి ఎక్కువైపోయింది.

వేసవి వచ్చేసరికి మాటలు రాస్తున్నాడు. ఒక ఆదివారం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా, తెర నా వైపు తిప్పి చూపించాడు. "రాములు వస్తున్నాడు. పప్పు దాచెయ్యి." పక్షవాతం వచ్చాక ఆయన వేళాకోళం చేయడం అదే మొదటిసారి. మా అక్క వంటింట్లోంచి వచ్చి చదివి, నవ్వుతూనే ఏడ్చేసింది. నేను మాత్రం పప్పు మారు వడ్డించుకున్నాను.

పాత పని కూడా కొంచెం తిరిగి వచ్చింది. ఒక్క చేత్తో స్క్రూలు విప్పలేడు కాబట్టి అక్క విప్పేది. ఆయన వేలితో చూపిస్తే, ఈవిడ కంసాలి స్క్రూడ్రైవరు పట్టుకుని, గుండుసూది తలంత స్క్రూలని అగ్గిపెట్టెలో వేసుకుంటూ, ఈ జన్మకి ఇదొక్కటే తక్కువైందని గొణుక్కునేది. తీరా మీట నొక్కాక కూత రాకపోతే ఆయనకంటే ఈవిడే ఎక్కువ దిగులుపడేది.

ఆయన పేరు మాత్రం రోజూ ఎవరూ లేనప్పుడు రాసుకునేవాడని అక్క చెప్పింది. ముందు ఎస్, తర్వాత ఈ, అలా చివరి ఐ దాకా. తప్పు పడితే మొదటినుంచి. అక్టోబరు నాటికి చూసుకోకుండా రాసేస్తున్నాడు. నేను స్వయంగా చూశాను. కిటికీవైపు చూస్తూ రాశాడు, తెరమీద పేరు పడింది, ఒక్క అక్షరం తప్పు లేదు. ఇంక బ్యాంకుకి పద అన్నాను.

ఇక్కడ మా తెలివి గురించి చెప్పుకోవాలి. ఆయన టెక్నీషియను, నేను అకౌంట్సు మనిషిని, అక్క ఇద్దరికంటే తెలివైనది. ఆ పేరు కాగితం మీద ఒక్కసారి పెట్టి చూడమని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

నవంబరులో బ్యాంకు సంగతి తెలిసిందే. ముసలివాళ్లంతా స్వెటర్లేసుకుని బెంచీల మీద కూర్చుని, నువ్వు ఏ రెజిమెంటు అంటే నువ్వు ఏ రెజిమెంటు అని కబుర్లు. మా వంతు వచ్చింది. ఈసారి ఆఫీసరు ఒక మేడమ్. చిన్న వయసే. విషయం విని, అయితే కొత్త సంతకం నమూనా తీసుకుందామని, మూడు గళ్లున్న కార్డు ముందు పెట్టింది. మొదటి గడిలో పెట్టమంది. ఆయన కలాన్ని ఎడంచేత్తో పట్టుకున్నాడు. మోచెయ్యి బల్లమీద ఆనించాడు. మొహంలో ఎక్కడా బెరుకు లేదు.

ఎస్ రాశాడు. చెయ్యి కదపలేదు. దానిమీదే ఈ రాశాడు. దానిమీద ఎస్. దానిమీద హెచ్. నాకు రెండో అక్షరానికే అర్థమైంది. నోరు తెరవబోతే అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన చివరి ఐ కూడా కిందికి గీసి, కలం ఎత్తి, చూసుకున్నాడు. గడి మధ్యలో నల్లటి ముడి ఉంది. అక్షరమనేది ఒక్కటీ లేదు. ఆయన మొహం అప్పుడు పాలిపోయింది. చేసిన తప్పు ఆయనకీ అర్థమైంది.

మేడమ్ కార్డు తిప్పి చూసింది. "అంకుల్, యే క్యా హై?" అంది. వెటకారం లేదు, నిజంగానే అర్థం కాక అడిగింది. నేను ముందుకు వంగి, మిషను సంగతీ గడి సంగతీ హిందీలో చెప్పడం మొదలుపెట్టాను. నా హిందీకి అది నాకే అర్థం కాలేదు. ఆవిడ పాపం తల ఊపి, పర్వాలేదు, వేలిముద్ర వేయిద్దాం అని అటెండరు కోసం చూసింది.

మా బావ ఎడంచెయ్యి కార్డు మీద అడ్డంగా పెట్టాడు. "ఫిర్ సే దేఖియే" అన్నాడు, ముద్దగా. మళ్లీ చూడమని. రెండో గడిలో, మోచెయ్యి కదపకుండా, మొదటినుంచీ రాశాడు. కొత్తగా పక్కపక్కన రాయడానికి ప్రయత్నించలేదు. అది రాదని ఆయనకి తెలుసు. వచ్చినదే రాశాడు.

మేడమ్ వంగి చూసింది. ఈసారి తన అరచేత్తో పై రెండు గళ్లూ మూసి, మూడో గడి చూపించింది. ఆయన చెమటలు కక్కుతున్నాడు. ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, రాశాడు. ఆవిడ చెయ్యి తీసింది. మూడు ముడులు. ఒకే ఎత్తు, ఒకే వాలు, ఎడమపక్కకి పొడుచుకొచ్చిన తోక మూడింటికీ అదే చోట. నా సంతకం మూడుసార్లు పెడితే అంత బాగా కలవదు, ఒట్టు.

ఆవిడ చాలాసేపు చూసింది. సంతకం చదవడానికి రాకపోయినా ఫరవాలేదు, కలిస్తే చాలని రూలు ఉందని తనలో తను అనుకున్నట్టుగా అంది. కార్డు మీద ముద్ర కొట్టి, పక్కన తన సంతకం పెట్టింది. అది కూడా ఏమీ చదవడానికి రాదు. తర్వాత బతికున్నట్టు ఇచ్చే కాగితం ముందుకు జరిపితే, మా బావ దాని మీదా ముడి వేశాడు.

బయటికి వచ్చాక నేను ఉండబట్టలేకపోయాను. గండం గడిచింది గదా అని ఆగొచ్చు, నా నోరు ఆగదు. ఇంకో ఏడాది టైముంది బావా, ఈలోపు పక్కపక్కన రాయడం నేర్చుకో, మనిషన్నవాడు చదివేలా పెడదాం అన్నాను.

ఆయన మెట్ల దగ్గర ఆగాడు.

"చదవడానికేటిరా," అన్నాడు. "నేనే వచ్చానని తెలిస్తే చాలు."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్క ముందే ఏడుస్తోంది, కొంగుతో ఆయన మొహం మీది చెమట తుడుస్తోంది. బెంచీ మీద కూర్చున్న సర్దార్జీ ఒకాయన, పని అయిందా అని తలెగరేసి అడిగాడు. మా బావ ఎడమచెయ్యి పైకెత్తి, ఐదు వేళ్లూ చాపి చూపించాడు. ఒక్క వేలికీ సిరా లేదు.